చదివింపుల పుస్తకంలో ఇద్దరు జామీనుదారులు

మా మేనల్లుడి పెళ్ళికి 1200 మంది భోంచేశారు. ఇది గొప్ప కోసం చెప్పే లెక్క కాదు, కేటరింగ్ ఆయన విస్తళ్ళు లెక్కబెట్టి మరీ డబ్బు పట్టుకుపోయిన లెక్క. ఉలవచారు రెండోసారి అడిగి పోయించుకున్నవాళ్ళే మూడొందల మంది ఉంటారు. ఆ పెళ్ళయిన పద్నాలుగు నెలలకి అదే కుర్రాడికి బెయిలిస్తూ కోర్టువారు, పదివేల రూపాయలకి సొంత బాండు రాసిచ్చి, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారుల్ని తెచ్చుకోమన్నారు. పన్నెండొందల మందిలో ఇద్దరు. ఆరొందలకి ఒకరు చొప్పున దొరికినా చాలు. ఇంత తేలికైన లెక్క చూసి మా బావగారు, వాడు రాత్రికల్లా ఇంటికొచ్చేస్తాడు, పొద్దున్నే గారెలు వేద్దామని మినపప్పు నానబోయించారు.

ఆ పప్పు సంగతి తర్వాత చెబుతాను.

కేసు గురించి ఎక్కువ మాట్లాడకూడదు, కోర్టులో ఉంది. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారు, పార్కింగ్ గడి ఒకటి, కార్లు రెండు, అప్పుడే బైకు దిగిన మావాడి చేతిలో హెల్మెట్, కింది ఫ్లాటాయన నుదుటి మీద నాలుగు కుట్లు. ఇంతే. హెల్మెట్ తల మీద లేకపోతే జరిమానా, చేతిలో ఉంటే ఆయుధం. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మన కుర్రాళ్ళకి ఎవరూ సరిగ్గా నేర్పడం లేదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అయినదానికీ కానిదానికీ అరెస్టు చేయొద్దని, నోటీసిచ్చి పిలవమని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు ఆ ప్రకారమే నోటీసిచ్చారు. మావాడు ఆ ప్రకారమే గోవా వెళ్ళాడు. తిరిగొచ్చాక రిమాండ్. అందుచేత ఈ వ్యాసంలో పోలీసుల మీద ఫిర్యాదేమీ లేదు. ఉన్నదల్లా బంధువుల మీదే.

జామీను అనగానే మనవాళ్ళు జేబు తడుముకుంటారు. నిజానికి ఆ రోజు జామీనుదారు కోర్టుకి పైసా కట్టక్కర్లేదు. ముద్దాయి వాయిదాలకి వస్తాడని మాటివ్వాలి, అంతే. వాడు పరారైతే, ఆ పదివేలు నీ దగ్గర ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని కోర్టు అప్పుడు అడుగుతుంది. కాకపోతే మాటిచ్చే నోటి వెనక ఒక ఇల్లుండాలి. సొంత పేరున ఇల్లు, ఈ ఏడాది ఇంటిపన్ను రసీదు, ఆధారు, ఫొటోలు, ఆస్తి ఇంత చేస్తుందని రెవెన్యూవారిచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్, ఉద్యోగస్తుడైతే జీతం కాగితం, ఇంకెన్ని కేసుల్లో ఎంతమందికి జామీనున్నాడో చెప్పే ప్రమాణపత్రం. ఇల్లు లేనివాడి మాట ఎంత గట్టిదైనా అది వట్టి మాట. డాబా ఉన్నవాడి మాటకి కాంక్రీటు బలం ఉంటుంది.

మరి నువ్వే పెట్టొచ్చుగా, మేనమామవి కదా అని మీరు అడగొచ్చు. నేను సత్యనారాయణపురంలో పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాను. మా బావగారికి ఫ్లాటుండేది గానీ, పెళ్ళినాడు ముచ్చటపడి కొడుకు పేరున రాసేశారు. ఆ విధంగా మా కుటుంబంలో జామీనుకి అన్ని అర్హతలూ ఉన్న ఒకే ఒక్కడు జైల్లో ఉన్నాడు.

ఈలోగా డల్లాస్ నుంచి మా పెద్దక్క కొడుకు ఫోను. "మావయ్యా, ఇక్కడైతే జైలు చుట్టుపక్కలే బెయిల్ బాండ్ షాపులుంటాయి. మామూలుగా పది శాతం కడితే మిగతాదానికి షాపువాడే పూచీ. ఆ పది శాతం మాత్రం తిరిగి రాదనుకో." అంటే ఆ దేశంలో చుట్టాల్ని అద్దెకిస్తారన్నమాట. ఈ వ్యాపారం అమెరికా, ఫిలిప్పీన్స్ దాటితే ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేదు. అమెరికాలోనే ఇలినాయి, కెంటకీ, ఆరెగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలు ఆ షాపుల్ని రానివ్వవు. ఇలినాయి అయితే 2023 సెప్టెంబరులో డబ్బు కట్టించుకునే బెయిలునే ఎత్తేసింది. మన దగ్గర, జామీనుదారుకి నష్టమొస్తే నేను పూడుస్తానని ముద్దాయి రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. జామీనుదారుకి గుండెల్లో కాస్త గుబులుండాలి, ఆ గుబులుతో వాడు ముద్దాయిని కనిపెట్టుకుని ఉండాలి, అదీ లెక్క. మన చట్టం డబ్బుని నమ్మలేదు, చుట్టరికాన్ని నమ్ముకుంది. సరిగ్గా అక్కడే మా కొంప మునిగింది.

ఎవర్ని అడగాలన్న మాట రాగానే మా అక్కయ్య బీరువాలోంచి చదివింపుల పుస్తకం తీసింది. పసుపు మరకల అట్ట, 43 పేజీలు, ఎవరెంత చదివించారో అణా పైసలతో సహా. అయితే చిక్కేమిటంటే, మావాడు ట్రైనింగుకి బెంగళూరు వెళ్ళాడని అప్పటికే అందరికీ చెప్పేసింది. ఇప్పుడు జామీను అడగాలంటే ముందు బెంగళూరు అబద్ధం విప్పాలి. 13 కేసుల్లో బెయిలొచ్చినా జామీనుదారులు చాలక బయటికి రాలేకపోయిన ఒకాయన విషయంలో, గిరీశ్ గాంధీ కేసని 2024 ఆగస్టులో తీర్పొచ్చింది. జామీను పెట్టేది సాధారణంగా దగ్గరి బంధువో పాత స్నేహితుడో అయి ఉంటాడని, పరువు కోసం కేసు సంగతి జనం వాళ్ళకే చెప్పుకోరని, అందువల్ల ఆ కొద్దిమంది కూడా తగ్గిపోతారని సుప్రీంకోర్టు అందులో రాసింది. ఒకే జామీనుదారులు చాలా కేసులకి సరిపోతారనీ ఒప్పుకుంది. మా అక్కయ్యని ఒక్కసారైనా చూడకుండా అంత కచ్చితంగా ఎలా రాశారో నాకు తెలీదు.

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం. 5116 చదివించిన పెద్దమనిషి ఫోనెత్తి, కేసు మాట వినగానే సిగ్నల్ పోగొట్టుకున్నాడు. 2116 వాళ్ళ ఇల్లు ఆవిడ పేరున ఉంది, ఆవిడేమో కాశీ యాత్రలో ఉంది. వెండి కుంకుమభరిణె ఇచ్చినాయన ఫ్లాటు కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. మరొకాయన కొడుక్కి వీసా ఇంటర్వ్యూ ఉందట; తండ్రి విజయవాడ కోర్టులో సంతకం పెడితే కొడుకు వీసా ఆపేంత తీరిక అమెరికా కాన్సులేటుకి ఉందని ఆయన గట్టి నమ్మకం. గోడగడియారం ఇచ్చినవాళ్ళు ఏడుగురున్నారు. ఏడుగురికీ టైం లేదు. 1116 వాళ్ళు మాత్రం మర్యాదస్తులు, ఇంటికి రమ్మని కాఫీ ఇచ్చి, కేసంతా మొదట్నించీ చెప్పించుకుని, "అయ్యో" అన్నారు. ఈ తరగతి వాళ్ళే ఎక్కువ. మూడు రోజుల్లో పద్దెనిమిది కాఫీలు తాగాను, ఒక్క సంతకం రాలేదు.

పప్పు ఈలోగా రెండుసార్లు నానింది. మొదటిసారి పులిస్తే అట్లేసుకున్నారు.

చివరికి ఇద్దరు దొరికారు. ఒకాయనది తాడేపల్లి, ఇంకొకాయనది గుడివాడ. ఇద్దరికీ సొంత ఇళ్ళు, ఇద్దరికీ మనసూ ఉంది. కాగితాలు చూసిన గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి, "లోకల్ అయితే బావుండేదండీ" అన్నాడు. తాడేపల్లి అంటే ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేదే. 1957లో కట్టిన ఆ బ్యారేజీ పొడవు 1200 మీటర్ల పైచిలుకు. అమ్మవారి కొండ మెట్ల మీంచి చూస్తే తాడేపల్లిలో ఎవరి మేడ మీద బట్టలారేశారో కనపడుతుంది. కానీ అది గుంటూరు జిల్లా. ఇక గుడివాడాయన 2022 ఏప్రిల్ 3 దాకా మాతోబాటు కృష్ణా జిల్లావాడే. ఆ మర్నాడు కొత్త జిల్లాలొచ్చి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, ఆయన నిద్రలేచేసరికి పొరుగు జిల్లావాడైపోయాడు. పెళ్ళికొచ్చి బూరెలు తిన్నప్పుడు ఎవరూ ఆయన్ని జిల్లా అడగలేదు.

మా లాయరుగారికి కోపమొచ్చింది. 1978 నాటి మోతీరామ్ కేసు ఆయనకి కంఠతా. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి పదివేల జామీను అడిగి, తమ్ముడో అన్నో ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మాట మీద మండిపడి, ఒక తెలుగువాణ్ణో తమిళుణ్ణో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తులున్న జామీనుదారుల్ని వాడెక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు, మొత్తాన్ని వెయ్యికి తగ్గించారు. లోకల్ షరతు వద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. లాయరుగారు ఇదంతా చెబుతుంటే గుమాస్తా ఎంతో శ్రద్ధగా విని, "నిజమేనండీ, లోకల్ అయితే బావుండేది" అన్నాడు. అన్నట్టు ఆనాడూ పదివేలే, ఈనాడూ పదివేలే. దేశంలో ధర పెరగని సరుకు ఇదొక్కటే.

ఆ సాయంత్రం జిరాక్సు కొట్టు పక్కన ఒకాయన పలకరించాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, నిండా రసీదులు. "ఏ కేసు బాబూ? ష్యూరిటీలు కావాలా?" పన్నెండొందల మందిలో ఎవరి గొంతులోనూ వినపడని ఆప్యాయత అది. "కుర్రాడికి నేనేమవుతానని చెప్పను? మేనమామ?" "మేనమామని నేనే." "అయితే పెదనాన్నని." మా బావగారి కళ్ళు చెమర్చాయి, తనకి అన్నగారు లేరన్న లోటు ఎప్పట్నించో ఉంది. లాయరుగారు మా ఇద్దరి చొక్కాలూ పట్టుకుని ఈడ్చుకుపోయారు. ఆ రసీదుల్లో ఒక్కటి దొంగదని తేలినా ఉన్న కేసుకి తోడు ఇంకోటవుతుందట.

చట్టానికి జాలి లేదని మాత్రం అనకండి. బెయిలబుల్ నేరంలో, అంటే బెయిలు హక్కుగా దొరికే నేరంలో అరెస్టయి, వారంలోగా జామీను తెచ్చుకోలేనివాణ్ణి పేదవాడిగానే అనుకుని సొంత బాండు మీద వదిలిపెట్టాలని చట్టంలోనే ఉంది. వారం జైల్లో ఉంటే చాలు, పేదవాడని ఒప్పుకుంటారు. రేషన్ కార్డుకి అంతకన్నా ఎక్కువ తిరగాలి. మావాడిది ఆ తరగతి నేరం కాదు గనక ఈ గౌరవం దక్కలేదు. బెయిలొచ్చిన ఏడు రోజులకీ మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని, నెల దాటినా బాండు పెట్టలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించే విషయం చూడొచ్చని ఆ 2023 ఆదేశాల్లోనే ఉంది. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్రం అదే ఏడాది ఒక పథకం పెట్టింది, అందులో విచారణ ఖైదీకి 40,000 దాకా ఇవ్వొచ్చన్నారు. న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100, డబ్బులు పడవు. ఇవన్నీ మా ములాఖత్ క్యూలో ముందు నిలబడ్డ ఒక ముసలమ్మకి చెప్పాను. ఆమె కొడుక్కి బెయిలొచ్చి ఇరవై రోజులైందట. చదివింపుల పుస్తకం ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమె నంబరు రాసిమ్మంది, మందుల చీటీ వెనక రాసిచ్చాను.

ఈ అనుభవంతో ప్రభుత్వానికి ఒక విన్నపం చేసుకుంటున్నాను. ఇకమీదట కల్యాణమండపాల్లో చదివింపుల బల్ల పక్కనే జామీను బల్ల కూడా వేయించాలి. ఇంటిపన్ను రసీదు చూపించినవాళ్ళకే గుత్తివంకాయ. వధూవరుల ప్రొఫైళ్ళలో ఎత్తు, రంగు, నక్షత్రంతోబాటు "లోకల్ ష్యూరిటీలు ఎందరు" అన్న గడి పెట్టాలి. ఇద్దరికి తక్కువున్న సంబంధం ఎంత జీతమున్నా వదులుకోవడం మంచిది.

ఇంతలో ఎనిమిదో రోజు పొద్దున్నే కింది ఫ్లాటాయన పైకొచ్చాడు. నుదుటి మీద ప్లాస్టర్ అలాగే ఉంది. మా అక్కయ్య భయపడి కుర్చీ వేసింది. "అమ్మా, మీవాడు ఎప్పుడొస్తాడు?" అన్నాడు. కారు ఆయన గడిలోనే అడ్డంగా ఉంది. తాళం మావాడి వస్తువులతోబాటు జైలు ఆఫీసులో ఉంది. రెండో తాళం పెళ్ళి హడావిడిలోనే పోయింది. వారంగా ఆయన తన కారుని వీధిలో పెట్టుకుంటున్నాడు, దాని మీద ఇప్పటికి రెండు గీతలు పడ్డాయి. సంగతంతా విని, "దానికేముంది, నాకు సింగ్ నగర్‌లో సొంత డాబా ఉంది, పన్ను కట్టిన రసీదుంది, నేనే పెడతాను" అన్నాడు.

లాయరుగారు ఫోన్లోనే చాలాసేపు దగ్గారు. ఫిర్యాదుదారే జామీను పెడితే జడ్జిగారి ముఖం ఎలా చూడాలో తనకి తెలీదన్నారు. ఆయనా పట్టు వదల్లేదు. ఆ మధ్యాహ్నమే భవానీపురంలో ఉండే తన బావమరిదిని, పక్కవీధిలో ఉండే షడ్డకుణ్ణి రసీదులతో సహా కారెక్కించుకొచ్చి కోర్టు ముందు దింపాడు. ఇద్దరూ లోకలే. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

అది శనివారం. రిలీజ్ ఆర్డర్ చేతికొచ్చేసరికి జైలు తలుపు వేళ దాటింది. మర్నాడు పొద్దున వాడు బయటికొచ్చాడు, తాళంతో సహా. ముందు కారు తీశాం, తర్వాత స్నానం. మూడోసారి నానిన పప్పుతో గారెలు వేసి మా అక్కయ్య మొదటి పళ్ళెం కిందికి పంపించింది. ఆ తర్వాత చదివింపుల పుస్తకం తెరిచి, ఆఖరి పేజీలో ఆ ఇద్దరి పేర్లూ రాసింది. పక్కన ఎంతని వేయాలో తోచక, ఆ గడి ఖాళీగా వదిలేసి బీరువాలో పెట్టేసింది.