కందగారికి కత్తిపీట రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ కందగారి సముఖానికి,

ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, పెళ్లిళ్ల సీజను కదా. విస్తట్లో బచ్చలిని పక్కనేసుకుని, ఆవ పెట్టించుకుని దర్జాగా కూర్చుంటారు. "కంద బచ్చలి అదిరింది, ఇంకాస్త వెయ్యండి" అని బంతి బంతంతా మీ పాటే. ఆ కూర విస్తట్లోకి ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

నేను చెబుతాను. అమ్మగారు చేతులకి నూనె రాసుకుని, నా మీద కాలేసి కూర్చుని మీ చెక్కు తీస్తారు. కాస్త తడి తగిలిందా, దురద మణికట్టు దాకా పాకుతుంది. మీ ఒంట్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు కట్టలు కట్టలుగా ఉంటాయట, కంటికి కనపడకుండా గుచ్చుకుంటాయట. ఆవిడ చింతపండు గుజ్జుతో చేతులు రుద్దుకుంటారు. ఈలోగా ఫోన్ మోగితే మోచేత్తో స్పీకర్ నొక్కుతారు. అవతల వాళ్లాయన: "ఇవాళ కూరేంటి?"

ఇంతా చేస్తే లోకం అనే మాట, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని. అయ్యా, నాకు దురదెప్పుడు పుట్టింది? నేను చెక్కా, ఇనుమూ. మీకూ లేదు, నాకూ లేదు. ఉన్నది ఆ చేతులకి. సామెత కట్టినాయన మనిద్దరినీ పేరు పెట్టి పిలిచి ఆవిడని వదిలేశాడు. బహుశా విస్తరి ముందు కూర్చుని కట్టి ఉంటాడు. పోనీ, తిన్నాక నాలిక దురద పెడితే అయినా మిమ్మల్ని అంటారా? "సరిగ్గా ఉడకలేదు, పులుపు చాల్లేదు" అని మళ్లీ ఆవిడనే.

పొలంలోనూ ఇదే వరస. అందరూ కాండం అనుకునేది ఆకు కాడేనట! ఒక్క ఆకుని గొడుగులా పట్టుకుని చెట్టునని నమ్మిస్తూ, ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో కూర్చుని ఒళ్లు పెంచుతారు. రైతు మాత్రం మిమ్మల్ని అరకిలో ముక్కలుగా, ప్రతి ముక్కకీ నడినెత్తి మొగ్గ కాస్త అంటుకునేలా కోసి నాటాలి. ఎకరానికి విత్తనమే టన్నుల్లో. తవ్వే వేళకి పుట్టు (మిమ్మల్ని అమ్మే కొలత) ధర పడిపోతే, ఆ దురదా రైతుదే.

కొవ్వూరు పరిశోధన స్థానం వాళ్లు గజేంద్ర రకం తెచ్చి మీ వంశానికి కొంచెం మర్యాద నేర్పారు, ఒప్పుకుంటాను. దురద తగ్గింది. పెండలం మీ చుట్టమని జనం అనుకుంటారు గానీ ఆ తీగకీ మీకూ ఏ సంబంధమూ లేదు. మీ అసలు రక్తం చామ. సాక్ష్యం కావాలంటే చేతులు చూపిస్తాం.

ఇక మీ పువ్వు. కుళ్లిన మాంసం కంపు! ఈగలూ పురుగులూ తప్ప ఎవరూ దగ్గరికి రారు. సుమత్రాలో పుట్టిన మీ పెద్ద దాయాది, ఆ రాక్షసి పువ్వు టైటన్ ఆరం, 1889లో లండన్ క్యూ గార్డెన్స్‌లో పూసింది. ఇప్పటికీ ఏ దేశపు తోటలో అది పూసినా జనం బారులు తీరి, ముక్కు మూసుకుని మరీ ఫొటోలు దిగుతారు. సైజు ఉంటే కంపు కూడా దర్శనమే.

ఆ సామెతలోంచి నా పేరు తీయించమని ప్రార్థన.

ఇట్లు,
కత్తిపీట

తా.క.: అమ్మగారు ఊరెళ్లారు. ఇవాళ అయ్యగారే మిమ్మల్ని తరగడానికి కూర్చున్నారు, నూనె సంగతి తెలీకుండా. ఇప్పుడే నన్ను అవతలికి తోసేసి కుళాయి దగ్గరికి పరిగెత్తారు. నీళ్లు పోసుకుంటే దురద ఇంకా పాకుతుందని ఎవరూ చెప్పినట్టు లేదు. నేనైతే చెప్పను.