అమ్మ బొటనవేలు

ఇక్కడ అమెరికాలో మన సోషల్ సెక్యూరిటీ నంబరు ఎవరన్నా అడిగితే ఎందుకని ఎదురడుగుతాం. ఊళ్లో అమ్మానాన్నల ఆధార్‌ని మాత్రం పొలం కాగితాలకనీ, గ్యాసుకనీ ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా వాట్సాప్‌లో పంపేస్తాం. నేనూ పంపాను.

కావలి దగ్గర మా ఊళ్లో నిరుడు అమ్మ ఖాతాలోంచి 10,000 రూపాయలు పోయాయి. ఫోను రాలేదు, ఓటీపీ అడగలేదు. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయిస్తే ఏఈపీఎస్ అని పడింది. చేతిమిషను మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి అది. బ్యాంకు పేరు, 12 అంకెల ఆధార్, వేలిముద్ర ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రల్ని సిలికాన్ అచ్చులుగా తీసి ఇలా దోచిన కేసులున్నాయి.

ఏళ్ల తరబడి నాట్లేసి, కలుపు తీసి అమ్మ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో కొంగుతో తుడిచి నాలుగైదుసార్లు నొక్కితేగాని మిషను ఒప్పుకోదు. అలాంటి వేలు, ఆమె లేనిచోట దొంగకు పలికింది. బ్యాంకుకు పోతే మొదటి మాటే "ఎవరికి చెప్పావమ్మా?" అని. ఆ రాత్రి ఫోన్లో, "నేనెవురికీ ఏం చెప్పలేదు నాయనా, నా తప్పేమన్నా ఉందా?" అంది. సొమ్ము పోగొట్టుకున్న మనిషిని ముద్దాయిలా నిలబెట్టడం అన్యాయం.

ఖాతాదారు తప్పు లేనప్పుడు, బ్యాంకు నుంచి ఆ కబురు అందిన మూడు పనిదినాల్లో చెబితే ఆ నష్టం ఆమె మీద పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. కౌంటర్లో ఎవరూ ఆ ముక్క అనలేదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనీ చెప్పలేదు. అసలు అమ్మ ఒక్కసారి కూడా వాడని సౌకర్యం ఆమె ఖాతాకు ఎందుకు తెరిచి ఉంది? అడిగినవాళ్లకే ఇవ్వాలి.

పండక్కి వెళ్లేవాళ్లు ఒక పూట దీనికి కేటాయించండి. ముందు ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో చూడండి. పెద్దవాళ్లకు ఎప్పుడో పారేసిన సిమ్ముదే ఉండొచ్చు. అది మార్పించి, వేలిముద్ర ఎక్కడా చెల్లకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ వేయండి. కాపీ ఇవ్వాల్సొస్తే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. లాక్ వేశాక వేలిముద్ర పెట్టాల్సిన ప్రతిసారీ తీయాలి, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు అది తిప్పలే. అందుకే మా చిన్నాన్న కొడుక్కి నేర్పించి వచ్చాను. రేషన్ రోజున వాడొచ్చి అమ్మ ఫోన్లో తాళం తీస్తాడు. పది నిమిషాలకు అదే మళ్లీ పడిపోతుంది.