ఓవర్‌టైమ్ చిక్కు: ఉచిత లాయర్‌ను అడగాల్సింది అంకె గురించి కాదు

నెలజీతం ఇస్తున్నాం కాబట్టి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదు అనే మాట అమెరికాలో చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ అలా అనదు. వారంలో 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కట్టాలి. మినహాయింపు కావాలంటే జీతం గంటలతో పనిలేకుండా స్థిరంగా ఉండాలి, ఒక స్థాయికి తగ్గకూడదు, చేసే పని నిజంగా మేనేజరుదో, అడ్మినిస్ట్రేటివ్ బాధ్యతో, ప్రొఫెషనల్ పనో అయి ఉండాలి.

వార్తల్లోకెక్కేది మాత్రం ఆ స్థాయి ఒక్కటే. 2024 జులై 1న లేబర్ డిపార్ట్‌మెంట్ దాన్ని వారానికి 684 డాలర్ల నుంచి 844కి పెంచింది. 2025 జనవరి 1 నుంచి 1,128 అన్నారు. ఈలోపే నవంబర్ 15న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు రూల్ మొత్తాన్నీ కొట్టేసింది. కథ మళ్లీ 684కే వచ్చింది. 2016లోనూ ఇదే తంతు: డిసెంబర్ 1న అమలు కావాల్సిన పెంపును టెక్సాస్ కోర్టే నవంబర్ 22న ఆపేసింది.

మరి 2024 జులైలోనే జీతాలు పెంచేసిన సంస్థ ఏం చేయాలి? చేసేసిన పనికి తగ్గించడం కుదరదు. ఇకముందు పనికి తగ్గించుకోవచ్చు గానీ, రాష్ట్ర చట్టం ముందే నోటీసు అడగొచ్చు. పైగా ఫెడరల్ అంకె పడిపోయినా కొన్ని రాష్ట్రాల అంకెలు పడిపోలేదు. కాలిఫోర్నియాలో 2025కి ఆ స్థాయి ఏడాదికి 68,640 డాలర్లు. ఇలాంటప్పుడు న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో పనిచేసే ప్రోబోనో పార్ట్‌నర్‌షిప్ లాంటి సంస్థలు అక్కరకొస్తాయి. పెద్ద లా ఫర్మ్‌లు, కంపెనీల లాయర్లు ఫీజు లేకుండా స్వచ్ఛంద సంస్థలకు సలహా ఇచ్చే ఏర్పాటు అది.

కానీ అంకె మారినప్పుడే లాయర్ గుర్తుకు రావడం తప్పని నా అభిప్రాయం. అంకె లేబర్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దొరకనిది పనికి సంబంధించిన లెక్క.

పేదలకు ఉచితంగా సరుకులిచ్చే ఒక ఫుడ్ బ్యాంక్‌లో ఏడాదికి 40,000 డాలర్ల జీతంతో 'ప్రోగ్రామ్ మేనేజర్' ఉందనుకుందాం. వారానికి 769 డాలర్లు, అంటే 684 దాటింది. బోర్డు నిశ్చింతగా ఉంటుంది. తీరా చూస్తే ఆమె రోజంతా డబ్బాలు సర్దుతుంది, ఫోన్లు ఎత్తుతుంది, వచ్చినవాళ్ల పేర్లు రాస్తుంది. ఆమె కింద ఒక్కరూ లేరు. కార్డు మీద హోదా ఏమున్నా చట్టానికి అనవసరం. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ రోజుల్లో వారానికి 50 గంటలు పనిచేస్తే, ఆ జీతం 40 గంటలకే అనుకుంటే, ఆ ఒక్క వారానికే దాదాపు 288 డాలర్లు బాకీ. కేసు పడితే రెండేళ్లు వెనక్కి లెక్కిస్తారు, తెలిసే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు. పైగా సాధారణంగా అంతే మొత్తం నష్టపరిహారం.

"వచ్చే వారం రెండు రోజులు సెలవు తీసుకో, సరిపోతుంది" అంటారు. ఓవర్‌టైమ్ బదులు అలా సెలవు ఇచ్చే వెసులుబాటు ప్రభుత్వ సంస్థలకే ఉంది. "శనివారం వాలంటీర్‌గా రా" అన్నా కుదరదు. జీతానికి చేసే తరహా పనినే అదే సంస్థకు ఉద్యోగి ఉచితంగా చేయడాన్ని చట్టం ఒప్పుకోదు. అక్కడి మన తెలుగు సంఘాలూ గుళ్లూ ఎక్కువగా వాలంటీర్ల మీదే నడుస్తాయి. జీతానికి ఒక ఆఫీస్ మేనేజర్‌ను పెట్టుకున్నాక ఈ టెన్షన్ వాటికీ తప్పదు.

ఇంకో సంగతి. ఆ ఉచిత లాయర్‌కు క్లయింట్ సంస్థే, డబ్బాలు సర్దే ఆమె కాదు. ఆమె ఫిర్యాదు చేయాలంటే లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు వెళ్లాలి. అక్కడా ఫీజు ఉండదు. ఇక బాకీ డబ్బు ఎక్కడినుంచి తేవాలో ఏ లాయరూ చెప్పలేడు. గ్రాంట్ అడిగేటప్పుడే 40 గంటల జీతం రాసి 50 గంటల పని ఒప్పుకుంటే చిక్కు అక్కడే మొదలైనట్టు. అందుకే లాయర్ దగ్గరికి కొత్త రూల్ కాగితంతో కాదు, ఇంకా పంపని గ్రాంట్ బడ్జెట్‌తో వెళ్లాలి.