ఎడారి ఖాళీ నేల కాదు
1922లో అరేబియా తీరంలోని ఉఖైర్ రేవులో జరిగిన సమావేశంలో ఇరాక్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ ఒకవైపు నజ్ద్‌కు (నేటి సౌదీ అరేబియాలోని భాగం), మరోవైపు ఇరాక్, కువైట్‌లకు మధ్య గీసిన సరిహద్దు ఖాళీ ఎడారి మీదిది కనుక దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. ఆ ఇసుకలో ఏ బావి ఏ తెగదో, ఎవరి ఒంటెలు ఎప్పుడు ఎక్కడ మేయాలో ఎడారి సంచార అరబ్బులైన బెదూయిన్లకు తరతరాలుగా తెలుసు. సరిహద్దు తెగలను బట్టి ఉండాలని నజ్ద్ పాలకుడు ఇబ్న్ సౌద్ పట్టుబట్టింది అందుకే. కాక్స్ ఎర్ర పెన్సిల్‌తో పటం మీద గీత గీశాడని అక్కడే ఉన్న బ్రిటిష్ అధికారి డిక్సన్ రాశాడు. ఆ గీతతో కువైట్ తనదనుకున్న నేలలో దాదాపు మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది, పైగా చర్చల్లో దాని తరఫున కూర్చున్నది ఒక బ్రిటిష్ అధికారి. నేల నిజంగా ఖాళీదైతే, ఇరువైపుల తెగలూ మేపుకోవడానికి తటస్థ మండలాలను వదలవలసిన అవసరం గానీ, సరిహద్దు దగ్గరి బావుల వద్ద కోటలు కట్టరాదని ఒప్పందంలో రాయవలసిన అవసరం గానీ ఏముంది? 1927లో ఇరాక్ బుసయ్యా బావుల దగ్గర పోలీసు ఠాణా కట్టడం మొదలుపెట్టినప్పుడు నజ్ద్‌కు చెందిన ఇఖ్వాన్ అనే మతనిష్ఠ గల తెగల యోధులు దాడి చేసి పనివాళ్లను చంపింది ఆ షరతు మీది తగాదాతోనే. తరువాత పంచుకున్న కువైట్ తటస్థ మండలంలోని వఫ్రాలో, తోటల్లో నేను నాలుగేళ్లు పనిచేశాను. చలికాలపు వాన పడిన కొద్ది రోజులకే ఇసుక మీద సన్నని పచ్చిక మొలవడం, దాని వెంటే గొర్రెల మందలు రావడం కళ్లారా చూశాను.