రెడ్‌లాండ్స్ ఇల్లు గుర్తుందా?
ఒక నేరం కేసు గురించిన వ్యాసం చదివాను. నిందితుడి గది ఫొటోల్లో పక్క సర్దలేదని, గోడలు బోసిగా ఉన్నాయని చూసి ‘ప్రేమ తెలియని మనిషి’ అని తేల్చేశారు అందులో, భలే! మా బ్యాచిలర్ రూమ్ ఫొటో తీస్తే మాకు యావజ్జీవమే. 2015 డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపిన భార్యాభర్తల అద్దె ఇల్లు ఆ పక్క ఊరు రెడ్‌లాండ్స్‌లో ఉండేది, దాడి జరిగిన రెండు రోజులకే కెమెరాలన్నీ అందులోకి తోసుకెళ్లాయి, ఎంఎస్ఎన్‌బీసీ అనే వార్తా చానెల్ అయితే లైవ్‌లో గుర్తింపు కార్డు కూడా చూపించి తర్వాత విచారం వ్యక్తం చేసింది. ఇంతా చేసి కనిపించిందేంటి? పసిపాప మంచం, బొమ్మలు, ప్రార్థన చాపలు. ఇవి లేని ముస్లిం ఇల్లు ఎక్కడైనా ఉంటుందా, పసిపిల్లలుంటే? పైగా అప్పటికే ఎఫ్‌బీఐ వాళ్లు సోదా చేసి కావాల్సినవి పట్టుకెళ్లారు, మిగిలిన చిందరవందరలో ఎవరి స్వభావం వెతుకుతాం, వాళ్లదా, సోదా చేసినవాళ్లదా?