గొంతు అరువు, ఊపిరి సొంతం

జమైకాలో పుట్టిన స్కా అనే సంగీతాన్ని వాయించే జపాన్ బ్యాండ్ టోక్యో స్కా ప్యారడైజ్ ఆర్కెస్ట్రా. దాని పాటల్లో ఏవి గొప్పవని అడగండి. అభిమానులు ముందు పాడినవాళ్ళ పేర్లే చెబుతారు. ఒకుదా తమియో పాడింది, చిబా యూసుకే పాడింది, మిస్టర్ చిల్డ్రన్ బ్యాండ్ గాయకుడు సకురాయి పాడింది అంటారు. ఈ లెక్క తప్పు. ఆ పాటలు పాడినవాళ్ళవి కావు, ఊదినవాళ్ళవి.

1985లో మొదలై, 1989లో తొలి రికార్డు విడుదల చేసిన బ్యాండ్ ఇది. జపాన్‌లో ముద్దుగా ‘స్కపరా’ అంటారు. ఇప్పుడున్నది తొమ్మిది మంది. నార్గో ట్రంపెట్, కితహరా ట్రాంబోన్, గామో టెనర్ శాక్స్, యనాకా అత్సుషి బారిటోన్ శాక్స్ ఊదుతారు. పాడటానికంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు.

ఒకప్పుడు ఉండేవాళ్ళు. తొలిరోజుల్లో మైకు పట్టుకుని జనాన్ని ఉర్రూతలూగించిన క్లీన్‌హెడ్ గిమురా 1995లో చనిపోయారు. 1999లో డ్రమ్మర్ అయోకి తత్సుయుకి కూడా పోయారు. అదే ఏడాది ఫిష్‌మాన్స్ అనే మరో బ్యాండ్ తన గాయకుణ్ణి పోగొట్టుకుంది. ఆ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే మోతెగి కినిచి వచ్చి స్కపరాలో కూర్చున్నారు. డ్రమ్మర్ లేని బ్యాండూ, బ్యాండ్ లేని డ్రమ్మరూ అలా కలిశారు. స్కపరా పాటల్లో ఎంత హుషారు ఉన్నా అడుగున ఎక్కడో ఒక తడి తగులుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే సందేహం లేదు.

ఆ దెబ్బల తర్వాత వాళ్ళు కొత్త గాయకుణ్ణి తెచ్చి కూర్చోబెట్టుకోవచ్చు. అలా చేయలేదు, పాటకో అతిథిని పిలిచారు. 2001లో తజిమా తకావోతో ‘తొక్క ఊడిన నారింజ’ వచ్చింది. ఆ తర్వాత చిబా యూసుకేతో ‘కెనరీ కూసే ఆకాశం’, ఒకుదా తమియోతో ‘అందంగా మండే అడవి’ వచ్చాయి. పేర్లను నేను తెలుగు చేశాను. బ్యాండ్‌ను ఇంటింటికీ చేర్చినవి ఈ మూడే. మూడింటికీ మాటలు రాసింది బారిటోన్ శాక్స్ ఊదే యనాకా. వాద్యం వాయించేవాడు రాస్తాడు, గాయకుడు వచ్చి ఆ మాటలకు గొంతు ఇచ్చి వెళ్తాడు. సినిమా పాటలకు అలవాటు పడిన మన చెవులకు ఈ పద్ధతి తలకిందులుగా కనిపిస్తుంది. స్కపరా పాటలకు బలం వచ్చింది ఇక్కడే. 2003లో ‘పాలపుంత, చిక్కుదారులు’ అనే అర్థం వచ్చే పాటకైతే అతిథినే పిలవలేదు, డ్రమ్స్ వాయిస్తున్న మోతెగి పాడేశారు.

వీళ్ళు పెద్ద స్టార్ల వెనక వాయించే బృందంగా మారిపోయారని కొందరి విమర్శ. పేరున్న గొంతును తెచ్చుకుని అమ్ముకోవడం తేలికేనంటారు. అందులో కొంత నిజం ఉంది, అతిథి పేరు చూసి టికెట్ కొనేవాళ్ళు ఉంటారు. అయితే 2013లో అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవం వేదిక మీద, లాటిన్ అమెరికాలో ఊరూరా జరిగిన కచేరీల్లో జపనీస్ మాట ఒక్కటి తెలియని జనం ఊగిపోయింది ఎవరి పేరు చూసి? చిబా యూసుకే 2023లో చనిపోయారు. ఆయన పాడిన పాట ఇవాళ్టికీ బూరల మీద నిలబడే ఉంది.

‘ప్యారడైజ్ హ్యాజ్ నో బోర్డర్’ వింటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అందులో పాట లేదు, ట్యూనే ఉంది. కచేరీలో అది మొదలవగానే గామో వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ, ఎక్కువ ఊపు మీదున్నది ఇక్కడేనా అని అరుస్తాడు. ఒక్కో వైపు జనం మాదే మాదే అని గోల చేస్తారు. స్కా లయలోనే ఉంది ఆ కిటుకు. చేత్తో తాళం వేస్తూ చూడండి. చెయ్యి కిందకు పడినప్పుడు కాదు, పైకి లేచినప్పుడు గిటార్ తగులుతుంది. మన ప్రమేయం లేకుండానే మడమలు లేస్తాయి.

ఈ ట్యూన్‌కు జపాన్‌లో ఇంత ప్రచారం రావడంలో సకనా-కున్‌కు పెద్ద పాత్ర ఉంది. తల మీద చేప టోపీ పెట్టుకుని టీవీలో చేపల గురించి చెప్పే ఆయనే ఇందులో బారిటోన్ శాక్స్ ఊదాడు. ఎక్కడ నేర్చుకున్నాడు? బడిలో. జపనీస్‌లో బూరల బృందాన్నీ చేపల తొట్టినీ సూచించే మాటలు ఒకేలా పలుకుతాయి. చేపల క్లబ్ అనుకుని వెళ్ళి బ్యాండ్‌లో చేరానని ఆయనే చెబుతాడు. పొరపాటున గది మారినా ఆ గదిలో ఒక వాద్యం ఉంది, చేతికిచ్చి నేర్పే మనిషి ఉన్నాడు. జపాన్ బడుల్లో ఇలాంటి గదులు ఎన్నో. ఈ ట్యూన్‌ను ఇవాళ ఆ పిల్లల బ్యాండ్‌లు ఎన్నో వాయిస్తున్నాయి.

స్కా పుట్టింది కూడా ఒక బడి దగ్గరే. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూల్ ఉండేది. కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆ బడిలో పేదింటి పిల్లలకు, దిక్కులేని పిల్లలకు బూరలు ఊదడం నేర్పారు. 1964లో ఏర్పడిన స్కా బృందం స్కాటలైట్స్‌లో డాన్ డ్రమండ్, టామీ మెకుక్, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్ అక్కడ చదివినవాళ్ళే. ఆ సన్యాసినులు ట్రాంబోన్ బదులు ఇంకేదైనా పని నేర్పి ఉంటే స్కా అనే సంగీతమే ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అది లేకపోతే టోక్యోలో స్కపరా ఎక్కడిది?

మన సర్కారు బడుల సంగతి చూడండి. పంద్రాగస్టు వస్తుందంటే బీరువాలోంచి డ్రమ్ములు దిగుతాయి, మర్నాడు మళ్ళీ బీరువా ఎక్కుతాయి. ఏడాది పొడవునా వాద్యం నేర్పే మాస్టారు ఉన్న సర్కారు బడి ఒక్కటీ నేను చూడలేదు. పెళ్ళి ఊరేగింపులో గంటల తరబడి క్లారినెట్ ఊదే మనిషికి ఆ విద్య తండ్రి దగ్గర నుంచో మేనమామ దగ్గర నుంచో వచ్చింది. అంత తెలిసినవాణ్ణి బడికి పిలిచి, జీతమిచ్చి, పిల్లల ముందు నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. డబ్బు లేక కాదు. ఊదడం కూడా చదువేనని మనం ఇంకా ఒప్పుకోలేదు.

2024లో స్కపరా ‘ఒక్కరోజు పువ్వు’ అనే పాట చేసింది. గాయకుడు ఇమాసే పేరు పక్కనే నరాషినో హైస్కూల్ బ్యాండ్ పేరు కూడా వేశారు. ఆ నవంబర్‌లో, తొలి రికార్డు వచ్చి 35 ఏళ్ళైన సందర్భంగా వాళ్ళ కచేరీ కోషియెన్ స్టేడియంలో జరిగింది. ఏటా ఆగస్టు ఎండలో తమ బడి జట్టు బేస్‌బాల్ ఆడుతుంటే పిల్లలు చెమటలు కక్కుతూ బూరలు ఊదేది అక్కడే.