ఇమ్మోర్టాలిటీ మేడమ్ గారికి, నల్లకుంట సెకండ్ ఫ్లోర్ నుంచి

మేడమ్ గారూ, నమస్తే.

మీరు పోయాక ఇప్పుడు ఈ లెటర్ ఏంటి అనుకోకండి, ఉన్నన్నాళ్ళూ మీ సేవకే సరిపోయింది, రాసే తీరిక ఎక్కడిది.

అసలు పేరు చూసే పడిపోయా. ఇమ్మోర్టాలిటీ, అంటే చావు లేనిదట. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు అని మా నానమ్మ ఊరికే అనేది కాదు. 1982లో లాయిడ్ జర్‌బ్రిగ్ అనే ఆయన మిమ్మల్ని కొత్త రకం పూలమొక్కగా రిజిస్టర్ చేయించాడు, తెల్లటి టాల్ బియర్డెడ్ ఐరిస్, అంటే రేకల మీద గడ్డంలాంటి నూగు ఉండే పొడుగు ఐరిస్ పూలమొక్క, వసంతంలో ఒకసారి పూసి చలికాలం ముందర ఇంకోసారి పూస్తారని మీకు పెద్ద పేరు. ఏడాదికి రెండుసార్లు అంటే తొమ్మిది వందలు గిట్టుబాటే అనుకుని ఆర్డర్ పెట్టేశా.

పార్సిల్ విప్పితే ఎండిన అల్లం కొమ్ము. సరే, పెద్దవాళ్ళు సింపుల్‌గా ఉంటారులే అనుకున్నా. మీకు చలి పడాలి, లేకపోతే మొగ్గ కట్టరంట, మన హైదరాబాద్ చలి ఏమో సంక్రాంతికి వచ్చి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది. అందుకే మిమ్మల్ని ఫ్రిజ్‌లో పెట్టా, పెరుగు గిన్నె పక్కన. మూడోరోజు పొద్దున అమ్మ చాకు పట్టుకుని మిమ్మల్ని టీలోకి చెక్కబోతుంటే నేను అరిచిన అరుపుకి కింద వాచ్‌మెన్ పైకొచ్చాడు. మీ గడ్డ తింటే వాంతులంట, ఇంట్లో అది చెప్పలేదు, చెప్పుంటే మిమ్మల్ని ఆరోజే బయటపడేసేవాళ్ళు.

ఇక నాటడం. అన్ని దుంపల్నీ మట్టిలో కప్పుతాం, మీకేమో వీపు ఎండకి కనపడాలి, నిండా పూడిస్తే అలక. రోజుకి ఆరు గంటల ఎండ కావాలంటారు, తీరా మా మే నెల ఎండ చూపిస్తే ఆకుల కొనలు మాడ్చుకుని కూర్చున్నారు. నీళ్ళు నిలవకూడదని మట్టిలో సగం ఇసక కలిపా. జూన్‌లో వానలు మొదలయ్యాక కుండీకి గొడుగు కట్టా మేడమ్, నేను తడుచుకుంటూ ఆఫీసుకి పోయి మీకు గొడుగు కట్టా, వాచ్‌మెన్ చూసి "సార్, గా మొక్క కూడ ఆఫీస్ పోతదా" అన్నాడు.

అయినా ఆగస్టులో ఒక రోజు విసనకర్రలాంటి మీ ఆకుల గుత్తి పక్కకి ఒరిగింది. గడ్డని వేలితో నొక్కితే మిగలపండిన సపోటాలాగా లోపలికి దిగిపోయింది, ఆ వాసన మాత్రం సపోటాది కాదు, రెండుసార్లు సబ్బుతో కడిగినా వేలి నుంచి పోలేదు. మెత్తకుళ్ళు, బ్యాక్టీరియా పని. పైకి మూడు రేకలు, కిందకి మూడు రేకలు, కింది రేకల మీద ఆ బియర్డ్, అదంతా ఫోటోలో చూడటమే. గడ్డం చూద్దామని తెస్తే గడ్డే మిగల్లేదు.

మీ తప్పని అనట్లేదు. చలిదేశాల్లో మూడు నాలుగేళ్ళకోసారి మిమ్మల్ని తవ్వి ముక్కలు చేసి పంచుకుంటారంట, అక్కడ మీరు నిజంగానే అమరులు. మా దక్కన్‌లోనే ఈ అకాల మరణం.

మీ కుండీలో ఇప్పుడు తెల్ల బిళ్ళగన్నేరు దానంతటదే మొలిచింది. నీళ్ళు పోస్తే తాగుతుంది, పోయకపోతే అడగదు, రోజూ పూస్తుంది. మీ లేబుల్ నేను తీయలేదు. ఎదురింటి ఆంటీ అది చదివి "ఈ ఇమ్మోర్టాలిటీ కొమ్మ ఒకటి ఇవ్వు నాన్నా" అంది, తుంచి ఇచ్చా.

ఇట్లు,
కుండీకి కట్టిన గొడుగు ఇంకా విప్పని మీ సేవకుడు